క్లైవ్ సినిమా, బందరు రీలు

రొనాల్డ్ కోల్మన్ మీసం తీసేసిన సినిమా. మా మావయ్య దాని గురించి ఎవరికి చెప్పినా ఇలాగే మొదలుపెట్టేవాడు. కోల్మన్ సన్నమీసమంటే ఆ రోజుల్లో దేశదేశాల్లో మోజు. క్లైవ్ కాలంలో ఇంగ్లిషు దొరలు గడ్డం, మీసం నున్నగా గీసుకుని తలకు విగ్గు పెట్టుకుని తిరిగేవాళ్లు కాబట్టి, ‘క్లైవ్ ఆఫ్ ఇండియా’ కోసం ఆయన ఆ మీసాన్ని వదులుకున్నాడు. 1935 జనవరిలో విడుదలైంది ఆ సినిమా. మావయ్యకు ఆ నటుడంటే ప్రాణం. ఆ నటుడు వేసిన పాత్ర తాలూకు అసలు మనిషంటే ఒళ్లుమంట. ఆ ఇష్టం, ఈ కోపం ఒకే సాయంత్రం ఒకదానికొకటి అడ్డం రాకుండా ఆయనలో ఉండేవి. సినిమా అలా చూడొచ్చని నాకు తెలిసింది ఆయన వల్లే.

మాది బందరు. మావయ్య మద్రాసులో బ్యాంకు ఉద్యోగి. 1970ల మొదట్లో వేసవి సెలవులు ఇవ్వగానే వచ్చి నన్ను మద్రాసు తీసుకెళ్లేవాడు. తెలుగు సినిమా అయితే అత్తయ్య కూడా బయల్దేరేది. ఇంగ్లిషు సినిమా అనగానే “మీ మావాకోడళ్లు పోయిరండి, నాకు పనుంది” అనేది. అలా ఫిల్మ్ సొసైటీకి ఆయనకు తోడు నేనయ్యాను.

సినిమా హాలేం కాదు అది. ఇనప కుర్చీలు, గోడకు తెల్లటి తెర, వెనక బల్ల మీద పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు. సినిమా మాటలతో పాటు ప్రొజెక్టరు టకటక కూడా వినబడుతూనే ఉండేది. రీలు అయిపోగానే లైట్లు వేసి ఇంకో రీలు ఎక్కించేవారు. ఆ కాస్త సమయంలో అందరూ గట్టిగా మాట్లాడుకునేవారు. మావయ్య మాత్రం నా వైపు వంగి, అప్పటిదాకా చూసిన దాంట్లో ఏది జరిగింది, ఏది కల్పించారు అని చెప్పేవాడు. ఆయన చరిత్ర బియ్యే. బ్యాంకులో చేరినా ఆ చదువు వదల్లేదు.

మొదటి రీలులోనే నేను ఆ కథలో పడిపోయాను. క్లైవ్ మద్రాసులో ఈస్టిండియా కంపెనీ గుమాస్తా. రైటర్ అనేవాళ్లట, ఏడాదికి అయిదు పౌండ్ల జీతం. లెక్కల పుస్తకాలంటే విసుగు, పైవాళ్లంటే లెక్కలేదు, ఊరుకాని ఊళ్లో ఒంటరితనం. తోటి ఉద్యోగి దగ్గర అతని చెల్లెలి బొమ్మ చూస్తాడు, చిన్న లాకెట్టులో పెట్టుకునేంత బొమ్మ. ఆ పిల్లను చూడకుండానే ప్రేమించి, ఉత్తరం రాసి, సముద్రాలు దాటించి రప్పించుకుంటాడు. ఆ మార్గరెట్‌గా లొరెట్టా యంగ్. సినిమా వచ్చేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. కోల్మన్ గొంతు సంగతి వేరే చెప్పాలి. అరిచే చోట కూడా అరవడు. మాట మెత్తగానే ఉంటుంది, దాని వెనక మొండితనం తెలుస్తూనే ఉంటుంది. ఇంగ్లిషు సగం అర్థం కాని నాకు కూడా ఆ గొంతు అర్థమైంది.

“ఇది నిజమేనా మావయ్యా?” అని అడిగాను, లైట్లు వెలగగానే.

“పెళ్లి నిజం. ఆదివారం చూపిస్తా” అన్నాడు.

అన్నట్టే ఆదివారం కోటకు తీసుకెళ్లాడు. సెయింట్ జార్జి కోటలో సెయింట్ మేరీ చర్చి ఉంది. 1680 నాటిది. రాబర్ట్ క్లైవ్, మార్గరెట్ మాస్కెలిన్‌ల పెళ్లి 1753 ఫిబ్రవరి 18న మద్రాసులోనే జరిగింది. ఆ పెళ్లి నమోదైన రిజిస్టరు ఆ చర్చిదే. కోటలోనే క్లైవ్ ఇల్లని పిలిచే పెద్ద భవనం కూడా ఉంది. నేను ఆ చర్చి మందపాటి గోడలు ముట్టుకుని చూశాను. హాలీవుడ్‌లో సెట్టు వేసి మద్రాసు అని చూపించారు, నేను నిలబడింది అసలు మద్రాసులో. ఆ వయసులో అది ఎంత పెద్ద సంగతో మాటల్లో చెప్పలేను. మార్గరెట్ అన్నల్లో ఒకాయన, నెవిల్ మాస్కెలిన్, తర్వాతి రోజుల్లో ఇంగ్లండు రాజుగారి ఖగోళ శాస్త్రవేత్త అయ్యాడని కూడా మావయ్య అక్కడే చెప్పాడు. ఆయనకు ఇలాంటి కొసరు సంగతులంటే మహా ఇష్టం.

ఆర్కాటు ముట్టడి సినిమాలో తొందరగానే వెళ్లిపోతుంది. నిజానికి క్లైవ్‌కు పేరు తెచ్చింది అదే. 1751లో ఇరవై అయిదేళ్ల కుర్రాడు, రెండు వందల మంది తెల్లవాళ్లు, మూడు వందల మంది సిపాయిలతో వెళ్లి ఆర్కాటు కోటలో కూర్చున్నాడు. ఆర్కాటు నవాబునని నిలిచిన చందాసాహెబు కొడుకు వచ్చి చుట్టుముడితే యాభై రోజులు నిలిచాడు. “ధైర్యం లేదని నేననను. ధైర్యం ఉంది కాబట్టే ఇంత దూరం వచ్చింది వ్యవహారం” అనేవాడు మావయ్య.

తర్వాత ప్లాసీ, బెంగాలు నవాబు సిరాజుద్దౌలాతో యుద్ధం. సినిమాలో ప్లాసీ అంటే ఏనుగులే. తెర నిండా ఏనుగులు వచ్చి మీద పడుతుంటే హాల్లో అందరం కుర్చీల్లో ముందుకు జరిగాం. మావయ్య కూడా. ఆ రీలు అయ్యాక ఆయన చెప్పిన ప్లాసీ వేరు. 1757 జూన్ 23, మామిడితోపు, మధ్యాహ్నం కురిసిన వాన. ఇంగ్లిషువాళ్లు తమ మందుగుండు మీద టార్పాలిన్లు కప్పుకున్నారు, నవాబు ఫిరంగుల మందు తడిసిపోయింది. నవాబు నమ్ముకున్న మీర్ మదన్ గుండు తగిలి పోయాడు. ముందే క్లైవ్‌తో కుమ్మక్కైన నవాబు సేనాని మీర్ జాఫర్ తన సైన్యంతో కదలకుండా నిలబడ్డాడు. ఇంగ్లిషు పక్షంలో చచ్చిపోయినవాళ్లు ఇరవై మందికి కాస్త అటూ ఇటూ. అంతకంటే ఎక్కువమంది మామూలు దొమ్మీల్లో పోతారని, యుద్ధం ముందే కాగితాల మీద అయిపోయిందని చెప్పాడు.

అప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు. క్లైవ్ దగ్గర ఉన్న మూడు వేల మందిలో రమారమి 2,100 మంది సిపాయిలు. వాళ్లలో చాలామంది 1756 అక్టోబరులో మద్రాసు నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లు. బెంగాల్లో వాళ్లను తెలంగాలనేవారు. “తెరమీద కోల్మన్ వెనక తలపాగాలు కనిపించినప్పుడల్లా జాగ్రత్తగా చూడు అమ్మడూ, మనవాళ్లు వాళ్లు” అన్నాడు. ఆ తర్వాత నేను కోల్మన్‌ను చూడడం తగ్గించి వెనక నిలబడ్డవాళ్లను చూడడం మొదలుపెట్టాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఏ సినిమా అయినా సరే, గుంపులో చివర నిలబడ్డవాడి మొహం చూస్తాను.

ఆ గుంపులో హాలీవుడ్ ఎవరిని పెట్టిందో గానీ, ముందు వరసలో మాత్రం మనవాళ్లెవరూ లేరు. మీర్ జాఫర్‌గా వేసిన సీజర్ రొమేరో న్యూయార్కులో పుట్టిన క్యూబా కుటుంబం కుర్రాడు. సిరాజుద్దౌలాగా వేసిన మిషా ఆవర్ రష్యాలో పుట్టినవాడు. దర్శకుడు రిచర్డ్ బొలెస్లావ్‌స్కీ పోలండువాడు, మాస్కోలో స్తానిస్లావ్‌స్కీ దగ్గర నటన నేర్చుకుని అమెరికా చేరినవాడు. సినిమాకు ఆధారమైన నాటకం రాసిన ఇద్దరిలో ఒకరైన మిన్నీ మాత్రం కలకత్తాలో పుట్టాడట. కాలిఫోర్నియాలో కూర్చుని ఇంతమంది కలిసి మన కథ చెప్పారు. సిరాజు గురించి జాలిపడే క్షణం ఒక్కటైనా ఆ సినిమాలో నాకు దొరకలేదు. ఇరవై నాలుగేళ్లయినా నిండాయో లేదో, చంపేశారు అతన్ని. ఆ వయసు సినిమాకు గుర్తు లేదు. క్లైవ్ వయసు మాత్రం ప్రతి ఘట్టంలోనూ గుర్తు చేస్తారు.

ఒక్క విషయంలో ఆ సినిమాను నేను మెచ్చుకుంటాను. ఒమీచంద్ సంగతి దాచలేదు. ఒమీచంద్ కలకత్తా వ్యాపారి, కుట్ర సంగతి తెలిసినవాడు, బయటపెట్టకుండా ఉండాలంటే వాటా రాసివ్వమన్నాడు. క్లైవ్ రెండు ఒప్పందాలు రాయించాడు. తెల్ల కాగితం మీద అసలుది, అందులో ఒమీచంద్ పేరే లేదు. ఎర్ర కాగితం మీద దొంగది, అందులో వాటా ఉంది. అడ్మిరల్ వాట్సన్ దొంగ కాగితం మీద సంతకం చేయనన్నాడు. క్లైవ్ ఆయన సంతకం వేరొకరితో పెట్టించాడు. తర్వాత పార్లమెంటు కమిటీ అడిగితే తప్పేమీ లేదని, అవసరమైతే వందసార్లు అదే పని చేస్తానని చెప్పాడు. సినిమా ఈ సంతకాన్ని ఒక గొప్ప పనికోసం మోసిన బరువులా చూపిస్తుంది. కోల్మన్ మొహంలో ఆ బరువు కనబడుతుంది కూడా. అక్కడ మావయ్య కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన బ్యాంకు మనిషి. సంతకమంటే ఆయనకు ఎంత విలువో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటికి వెళ్లేదాకా మాట్లాడలేదు.

భోజనాలయ్యాక మేడ మీద చాపలు వేసుకున్నాం. మద్రాసు ఎండాకాలం రాత్రి, సముద్రపు గాలి ఆలస్యంగా వచ్చే రాత్రి. “ఆ సినిమాలో ఒక రీలు తక్కువైంది” అన్నాడు మావయ్య. ఎవరో పోగొట్టారేమో అనుకున్నాను. “మన బందరు రీలు” అన్నాడు.

ఆ రాత్రి ఆయన చెప్పిన కథ తర్వాత నేను పుస్తకాల్లో వెతుక్కుని చదివాను, కాలేజీలో చరిత్రే తీసుకున్నాను కూడా. అయినా ముందుగా గుర్తొచ్చేది ఆయన గొంతే.

మొదలు బొబ్బిలి. 1757 జనవరిలో బుస్సీ ఫ్రెంచి ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు సైన్యం కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేశాయి. తాండ్ర పాపారాయుడు వచ్చి విజయరామరాజును గుడారంలో పొడిచి చంపాడు. ఇంతవరకు బుర్రకథల్లో అందరూ విన్నదే. ఆ తర్వాత సంగతి బుర్రకథ చెప్పదు. విజయనగరం గద్దె మీదికి వచ్చిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లంటే గిట్టలేదు. 1758లో బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నారు. అదను చూసుకుని ఆనంద గజపతి విశాఖపట్నంలో ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టి, ఇంగ్లిషువాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసువాళ్లు మా వల్ల కాదన్నారు. కలకత్తాలో క్లైవ్ దగ్గరకు వెళ్లింది కబురు. అక్కడి కౌన్సిల్లో మిగతావాళ్లు వద్దంటే క్లైవ్ ఒప్పుకుని కల్నల్ ఫోర్డ్‌ను ఓడల్లో విశాఖపట్నం పంపించాడు. బెంగాల్లో కూర్చుని మన కోస్తా మీద వేసిన ఎత్తు అది. సినిమాలో దాని ఊసే లేదు.

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధం. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయి పారిపోయాడు. ఆ వెంటనే ఫోర్డ్ బందరు మీదికి వచ్చి ఉంటే కథ త్వరగా అయ్యేది. ఆనంద గజపతి ఇస్తానన్న డబ్బు ఇవ్వడు, ఫోర్డ్ కదలలేడు. వారాలు గడిచిపోయాయి.  1759 మార్చిలో ఎట్టకేలకు బందరు చేరారు. అక్కడ ఫోర్డ్ సైనికులు జీతాల కోసం తిరగబడ్డారు. కోటలో ఉన్న ఫ్రెంచివాళ్లు బయట ముట్టడి వేసినవాళ్లకంటే ఎక్కువ. వెనక నుంచి నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడు. మందుగుండు రెండు రోజులకు మించి లేదు.

“అప్పుడేం చేశాడో తెలుసా? బురదను నమ్ముకున్నాడు” అన్నాడు మావయ్య, చాప మీద లేచి కూర్చుని.

బందరుకోట చుట్టూ ఉన్న చిత్తడి నేల నాకు తెలుసు. మడ అడవులు, ఉప్పునీటి కాలవలు, పాటు వచ్చినప్పుడు మోకాళ్ల దాకా దిగబడే బురద. ఏప్రిల్ 7 అర్ధరాత్రి, సముద్రం పాటులో ఉన్న సమయం చూసి ఫోర్డ్ మూడు వైపుల నుంచి మనుషుల్ని పంపాడు. కెప్టెన్ నాక్స్ ఒకవైపు బురదలోంచి వెళ్లి ఉత్తుత్తి దాడి చేశాడు. విజయనగరం సైన్యం కోటకు వెళ్లే సన్నటి గట్టు దారి మీద పెద్దగా గోల చేసి ఫ్రెంచివాళ్ల చూపు అటు తిప్పింది. అసలు దాడి ఇంకోవైపు. అక్కడ కెప్టెన్ యార్క్ మనుషులు చీకట్లో మందుపాతర ఉందని భయపడి వెనక్కి పరిగెత్తితే, ఆయన పక్కన ఇద్దరే మిగిలారు. డ్రమ్ములు కొట్టే ఇద్దరు నల్ల కుర్రాళ్లు. దండు పాట కొడుతూనే ఉన్నారు. తర్వాత గుళ్లు పడ్డాయి. యార్క్‌కు రెండు తొడల్లోంచి దూసుకుపోయాయి. ఆ ఇద్దరు పిల్లలూ ఆయన పక్కనే చచ్చిపోయారు. తెల్లారేసరికి కోట ఇంగ్లిషువాళ్లదయింది.

“ఎవరి పిల్లలో” అన్నాడు మావయ్య. అంతవరకు ఉత్సాహంగా చెప్పినవాడు అక్కడ ఆగాడు. “యార్క్ పేరుంది, నాక్స్ పేరుంది. వాళ్ల పేర్లు చెప్పు చూద్దాం. మన తెలుగు పిల్లలై ఉండొచ్చు కదే.” నాకప్పుడు ఏడుపొచ్చింది. కోల్మన్ కోసం, లొరెట్టా యంగ్ కోసం తడవని కళ్లు వాళ్ల కోసం తడిశాయి.

ఆ తర్వాత సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లను వదిలేసి మే నెలలో ఇంగ్లిషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. బందరు, నిజాంపట్నం చుట్టూ ఉన్న ఊళ్లు వాళ్లకు రాసిచ్చేశాడు. 1765లో క్లైవ్ అలహాబాదులో షా ఆలం చక్రవర్తి దగ్గర బెంగాలు, బీహారు, ఒరిస్సా దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, పుచ్చుకున్నాడని బడిపుస్తకంలో ఉంటుంది. ఉత్తర సర్కార్లకు కూడా అప్పుడే ఫర్మానా రాయించుకున్నాడు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా మన కోస్తా అంతా. మరుసటేడు హైదరాబాదులో నిజాం అలీఖాన్ కూడా ఒప్పుకోక తప్పలేదు. మా తాతలు, ముత్తాతలు శిస్తు ఎవరికి కట్టాలో తేలిపోయిన కాగితాలు అవి. వాళ్లనెవరూ అడగలేదు.

పెద్దయ్యాక ఆ సినిమా మళ్లీ చూశాను, ఇంట్లో, మా అమ్మాయి తెచ్చిన డిస్కు మీద. గంటన్నర సినిమా, ఇంత చిన్నదా అనిపించింది. కోల్మన్ గొంతు అలాగే ఉంది. కామన్స్ సభలో తనను తాను సమర్థించుకునే ఘట్టం ఇప్పటికీ ఒళ్లు జలదరించేలా చేశాడు. కానీ ఈసారి ఆ ఘట్టం చూస్తున్నంతసేపూ సభ ఎందుకు విచారించిందా అన్నదే మనసులో ఉంది. ప్లాసీ తర్వాత అతను సొంతానికి పుచ్చుకున్నది రెండు లక్షల ముప్ఫై నాలుగు వేల పౌండ్లు. పైగా ఏడాదికి ఇరవై ఏడు వేల పౌండ్ల జాగీరు. అయిదు పౌండ్ల గుమాస్తాగా ఓడ దిగినవాడు! 1769, 70లలో బెంగాల్లో కరువొచ్చింది. మూడోవంతు జనం, దగ్గర దగ్గర కోటిమంది పోయారని అంచనా. శిస్తు మాత్రం వసూలు చేశారు. క్లైవ్ అప్పటికి ఇంగ్లండులో ఉన్నాడు నిజమే, ఆ శిస్తు లాక్కునే ఏర్పాటు అతను చేసి వెళ్లినదే. ఆ కరువుకు సినిమాలో చోటు లేదు. సినిమా చివర మార్గరెట్ తిరిగొస్తుంది, ఇద్దరూ కలుస్తారు, సంగీతం పైకి లేస్తుంది. అసలు క్లైవ్ 1774 నవంబరు 22న లండన్‌లో తన ఇంట్లోనే చనిపోయాడు, తన ప్రాణం తానే తీసుకున్నాడని ఎక్కువమంది చరిత్రకారుల నమ్మకం. నలభై తొమ్మిదేళ్లు.

మా అమ్మాయి అడిగింది, ఇలాంటివాడి మీద ఇంత ప్రేమగా సినిమా ఎలా తీశారని. 1935లో సామ్రాజ్యం ఇంకా ఉంది కదా, ఉప్పు సత్యాగ్రహం జరిగి అయిదేళ్లే అయింది, టిక్కెట్లు కొనే ఇంగ్లండు జనానికి అలాంటి కథ కావాలి అని చెప్పాను. అది సరైన జవాబే. కానీ తనకు బందరు రీలు కూడా చెప్పాను, మొత్తం, ఆ ఇద్దరు డ్రమ్ము పిల్లలతో సహా. సెలవుల్లో బందరుకోట తీసుకెళ్లాను. 1864 ఉప్పెన తర్వాత దండు అక్కడి నుంచి వెళ్లిపోయింది, ఇప్పుడు మిగిలింది కొన్ని పాత కట్టడాలు, చుట్టూ తుమ్మచెట్లు. ఏ వైపు నుంచి యార్క్ వచ్చాడు, ఏ వైపు నాక్స్ అని తను అడిగితే, మావయ్య గీసిచ్చిన పటం చూసి చెప్పాను.

మావయ్య దగ్గర ఆ రీలుకు నటీనటులు కూడా సిద్ధంగా ఉండేవారు. మేడ మీద పడుకుని ఆ ఎంపికలు మార్చుతూ ఉండేవాడు. సలాబత్ జంగ్‌గా ఎస్వీ రంగారావు, అందులో రాజీ లేదు. ఆ గుర్రం, ఆ నడక, బందరు పోయిందన్న కబురు వినగానే ఆ కనుబొమ్మ కదలడం ఇంకెవరివల్లా కాదనేవాడు. ఆనంద గజపతి విషయంలో మాకు ఎప్పుడూ కుదరలేదు. ఆయన ఎన్టీఆర్ అనేవాడు, నేను డబ్బు ఎగ్గొట్టేవాడి పాత్ర ఎన్టీఆర్ ఎలా వేస్తాడు మావయ్యా అనేదాన్ని. డ్రమ్ము కుర్రాళ్లకు మాత్రం కొత్తవాళ్లు కావాలనేవాడు, బందరు నుంచే, చిన్నవాళ్లు, ఎవరికీ తెలియని మొహాలు. సినిమా వాళ్లతోనే మొదలవ్వాలని, టైటిల్స్‌లో వాళ్ల పేర్లే ముందు పడాలని ఆయన పట్టు. ఆ సినిమా ఎవరైనా తీస్తే మొదటి ఆటకే వెళతాను, మా అమ్మాయిని తీసుకుని.